వాగు సంచిక

మా ఇంటికి నాకంటే ముందే కాపురానికి వచ్చినవి నాలుగు రేకు పెట్టెలు. పెండ్లయి హుజూరాబాద్‌లో అడుగు పెట్టిన కొత్తలో మా అత్తగారు ఇల్లంతా తిప్పి చూపించి, ఒక గది ముందు ఆగి, ఇది మావాని దేవునర్ర అన్నది. నేను నిజంగానే దేవుళ్ళున్నారనుకొని తల మీద కొంగు కప్పుకొని దండం పెట్టాను. లోపల ఉన్నది మేఘకేతు.

మేఘకేతు అంటే మద్రాసు నుంచి నెలనెలా వచ్చిన బొమ్మల పుస్తకంలో వీరుడు. కళ్ళకు నల్ల ముసుగు, భుజాల మీద నీలి సెల్లా, నడుముకు వెడల్పాటి పట్టా. ఆకాశంలో ఎగురుతాడు, కూలిపోయే వంతెనలను వీపు మీద మోస్తాడు. ఆ పుస్తకం ఆగిపోయి చాలా ఏండ్లయింది. మా ఆయన లింగారావుకు మాత్రం ఆగలేదు. పగలంతా ఎరువుల దుకాణంలో యూరియా బస్తాల మధ్య కూర్చుంటారు, పొద్దుగూకి ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కొని పెట్టెలు తెరుస్తారు. ఒక్కో పుస్తకానికి ఒక్కో ప్లాస్టిక్ కవరు, కవరుకూ కవరుకూ నడుమ కలరా ఉండలు. వానలు వెనకపట్టగానే అన్నిటినీ నులకమంచాల మీద ఎండకు పెట్టడం, మేకలు రాకుండా కాపలా కాయడం నా వంతు. మంథనిలో మా అమ్మగారింట్లో అప్పడాలు ఎండబెట్టేవాళ్ళం. ఇక్కడ వీరులను ఎండబెడతాం.

పుస్తకాలతో పోతే సరే. కూపన్లు కత్తిరించి పంపితే వచ్చిన రేకు బిళ్ళలు, అట్ట ముసుగు, మేఘకేతు బొమ్మ ఉన్న పెన్సిల్ డబ్బా, సగం చిరిగిన క్యాలెండరు కూడా ఆ పెట్టెల్లోనే ఉన్నాయి. ఒకసారి ఆ బిళ్ళ చొక్కాకు పెట్టుకొని మా మేనమామ కూతురి పెండ్లికి బయలుదేరితే నేను గడప దాటనివ్వలేదు. మా పిల్లలు వాటిని ముట్టుకోవాలంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అన్నం ముందు కూడా వాళ్ళు అంత శుభ్రంగా కడగరు. విసుక్కుని విసుక్కుని, చివరికి విసుక్కోవడానికి కూడా ఓపిక లేకుండా పోయింది నాకు.

ఇన్ని ఉన్నా ఆయన దగ్గర లేనిది ఒకటి ఉంది. దాన్ని ఆయన వాగు సంచిక అనేవారు. అరవై తొమ్మిదిలో, హైస్కూల్లో ఉండగా చదివిన పుస్తకం అది. వరద వచ్చిన వాగు ఒడ్డుకు మేఘకేతు వస్తాడట. ఎగరడట. నీళ్ళలోకి దిగి, అవతల చిక్కుకున్న మనుషులను ఒక్కొక్కరినే భుజాన వేసుకొని ఇవతలికి చేరుస్తాడట. అందరూ దాటాక ఒడ్డున కూలబడి, మొట్టమొదటిసారి ముసుగు తీస్తాడట. ఆ ముఖం చూసిన రోజు అన్నం తినలేకపోయానని మా ఆయన చెబుతారు. వీరులందరూ ఎగిరేవాళ్ళే, అలిసిపోయి కూర్చున్న వీరుణ్ణి ఆ ఒక్క పుస్తకంలోనే చూశానంటారు.

ఆ సంచిక కోసం హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పరిచే పాత పుస్తకాలు వెతికారు. మద్రాసుకు, విజయవాడకు కార్డులు రాశారు. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఊరూరా ఉంటారని నాకు అప్పుడే తెలిసింది. వాళ్ళంతా ఒకటే మాట అన్నారు, అలాంటి సంచిక రాలేదు, మేఘకేతు ఎన్నడూ ముసుగు తీయలేదు అని. గుంటూరాయన ఒకరు పాపం ఆ నెల సంచికనే పోస్టులో పంపారు. విప్పి చూస్తే మంచుకొండల కథ. మా ఆయన నమ్మకం చెక్కుచెదరలేదు. అది కోస్తాలో అమ్మిన పుస్తకం, అప్పుడు తెలంగాణ ఉద్యమం నడుస్తోంది కదా, మన దిక్కుకు వేరే అచ్చు వేసి పంపి ఉంటారు అన్నారు. అలా అనడానికి కారణం లేకపోలేదు. హుజూరాబాద్‌లో ఆయన ఈడు వాళ్ళను ఎవరిని కదిలించినా వాగు కథే చెబుతారు, మంచుకొండలు ఎవరికీ తెలియవు. ఊరంతా ఒక మాట మీద ఉంటే గుంటూరాయన మాట ఎవరు వింటారు?

కువైట్ మీద యుద్ధం వచ్చి మన జిల్లావాళ్ళు కట్టుబట్టలతో తిరిగొచ్చారు చూడండి, ఆ తరువాతి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అంతయ్య మా గేటు ముందు నిలబడ్డాడు. మా ఆయన సొంతూరి మనిషి, హైస్కూల్లో ఇద్దరిదీ ఒకే తరగతి. పేరు విన్నదే, మనిషిని చూడటం నాకు అదే మొదలు. మా ఆయన ఈడే కానీ తల మీద ఒక్క వెంట్రుక లేదు, బుగ్గలు లోపలికి పోయాయి. మా ఆయనవాళ్ళది ఊళ్ళో దొరల ఇల్లు, కానీ దొరా అనడం కూలి సంఘాలు వచ్చినప్పుడే మానేశారు. కువైట్ అలవాటో ఏమో, సారు ఉన్నడా అమ్మా అని అడిగాడు. అన్నానికి వచ్చే వేళయింది, కూర్చోమన్నాను. కుర్చీ వేస్తే దాని వైపు చూసి, అరుగు మీద కూర్చున్నాడు. చెంబెడు నీళ్ళు తాగి గోడకు చేరగిలబడ్డాడు. మాట ఎక్కడ మొదలుపెట్టాలా అని చూస్తున్నాడనుకున్నాను. కాదు, మనిషి అలిసిపోయి ఉన్నాడంతే.

వాళ్ళ అమ్మ బుచ్చవ్వకు చూపు తగ్గి ఏండ్లయిందట. మొన్న కరీంనగర్‌లో కంటి ఆపరేషన్ల క్యాంపు పెడితే తీసుకుపోయాడట.

"అవ్వకు కండ్లు వచ్చినయమ్మా. కట్టిప్పంగనే మా అన్న మొఖం చూపియ్యుమన్నది. ఏం చూపియ్యాలె? ఒక్క ఫోటో లేకపాయె."

అన్న పేరు సాంబయ్య, అరవై తొమ్మిదిలోనే పోయాడు. అతని ముఖం ఉన్న పుస్తకం ఒకటి సారు పెట్టెల్లో ఉండాలి, దాని కోసం వచ్చాను అన్నాడు. బొమ్మల పుస్తకంలో మీ అన్న ముఖం ఎందుకుంటుంది అన్నాను. అప్పుడు చెప్పాడు. తల ఎత్తకుండా, కూలి పని లెక్క చెప్పినట్టు చెప్పాడు.

తెలంగాణ కోసం బడులు బందయిన ఏడాది అది. పిల్లలకు పని లేదు. బస్టాండు దగ్గర సిద్దిరాములుకు కిరాయి పుస్తకాల దుకాణం ఉండేది, అందరూ అక్కడే పడి ఉండేవాళ్ళు. పలుచటి పుస్తకాలను పోరగాళ్ళు చొక్కాల్లో దోపుకొని పోతున్నారని, సిద్దిరాములు కొన్ని సంచికలు వచ్చాక వాటిని ఒక్కదగ్గర కుట్టి, అంచులు కోసి, రెగ్జిన్ అట్ట వేసి లావుపాటి బైండు చేసేవాడు. అక్కడే కూర్చొని చదివి ఇచ్చిపోవాలి. పుస్తకాల పార్సిలు రైల్లో జమ్మికుంటకు వచ్చేది. బస్సులు లేవు కాబట్టి సాంబయ్య నడిచిపోయి తెచ్చేవాడు. అతనికి చదువు రాదు, తెచ్చినందుకు బొమ్మలు చూడనిచ్చేవారు. వానాకాలంలో ఒక రోజు పార్సిలు నెత్తిన పెట్టుకొని తిరిగొస్తుంటే తోవలో వాగు పొంగింది. దిగువన తుమ్మ పొదల్లో మనిషి దొరికాడు. పార్సిలు దొరకలేదు.

ఆ నెల హుజూరాబాద్‌కు మేఘకేతు రాలేదు. బైండులో ఒక సంచిక ఖాళీ. అంతయ్య నోటుబుక్కు కాగితాల మీద తానే ఒక సంచిక గీశాడు. వాగు గీశాడు, దాటించే మేఘకేతును గీశాడు, చివరి పేజీలో ముసుగు తీసి అన్న ముఖం పెట్టాడు. తీసుకుపోయి ఇస్తే సిద్దిరాములు ఏమీ అనకుండా చూసి, ఆ ఖాళీలో పెట్టి కుట్టేశాడు. చదివిన పిల్లలెవరూ అడగలేదు, అంతయ్య చెప్పలేదు.

నా మొగుడు మద్రాసు దాకా కార్డులు రాసి వెతుకుతున్న పుస్తకాన్ని గీసినవాడు మా అరుగు మీద కూర్చొని, అదే పుస్తకం ఉందా అని మమ్మల్ని అడుగుతున్నాడు. నవ్వొచ్చేదే, కానీ ఆ వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. సిద్దిరాములు దుకాణం మూసేసినప్పుడు ఆ బైండ్లన్నీ మా ఆయనే తెచ్చుకున్నారు. మా పెండ్లయిన ఏడాది వాటిని విప్పారు. బైండు చేసిన పుస్తకానికి ఇలాంటివాళ్ళలో విలువ లేదట, విడిగా ఉంటేనే గొప్పట. గొంతుక్కూర్చొని బ్లేడుతో దారాలు కోస్తూ, ఒకచోట గీతల కాగితాలు బయటపడితే చీదరించుకున్నారు. నేను ఒక పేజీ పట్టుకొని చూశాను కూడా. నీలం మరకలు, పిల్లవాడి చేతి గీతలు. ఎవరు గీశారండీ, బాగుంది అన్నాను. అసలుది ఎవడో కొట్టేసి, చూసి గీసిన నకలు కుట్టిపెట్టారని మండిపడ్డారు. దుకాణంలో మిరప విత్తనాలు పొట్లాలు కట్టే పాత కాగితాల కట్టలో వేసేశారు. ఆ రోజు నుంచే అసలుదాని కోసం వెతకడం మొదలైంది.

ఇదంతా అంతయ్యకు నేను చెప్పలేదు. చెప్పవలసిన మనిషి అన్నానికి వస్తున్నాడు, ఆయన నోటితోనే చెప్పనీ అనుకున్నాను.

మా ఆయన అంతయ్యను చూసి ఎంత సంబరపడ్డారో. కువైట్ సంగతి ఒక్క మాట అడిగారో లేదో, చెయ్యి పట్టుకొని పెట్టెల గదిలోకి లాక్కుపోయారు. ఒక్కో కవరు తీసి చూపిస్తూ, ఇది యాదికున్నదా, ఇది యాదికున్నదా అని అడుగుతున్నారు. అంతయ్య అన్నిటికీ తల ఊపాడు. అన్నం చల్లారిపోతోంది. చివరికి మా ఆయనే ఆ మాట ఎత్తారు. అన్నీ ఉన్నాయి, వాగు సంచిక ఒక్కటే దొరకడం లేదు, నీకు తెలిసినవాళ్ళ దగ్గర ఎక్కడైనా ఉన్నదా అని అడిగారు.

"అది నేను గీసిందే సారు" అన్నాడు అంతయ్య.

మా ఆయన నవ్వారు. అంతయ్య నవ్వకపోయేసరికి కోపం వచ్చింది. అన్నేండ్ల వెతుకులాట ఒక్క మాటతో పోతుంటే ఎవరికి రాదు? అచ్చు పుస్తకం నువ్వెట్లా గీస్తావు, ఆ రంగులు నీకెక్కడివి అని గద్దించారు. అంతయ్య వాదించలేదు. నీలం బట్టల నీలిమందు, ఎరుపు అవ్వ కుంకుమ, నలుపు దీపం మసి అని వరుసగా చెప్పాడు. ఎగిరే మనిషిని గీయడం రాక మేఘకేతును వాగులోకి దింపి నడిపించానన్నాడు. నోటుబుక్కు గీతలు కనబడకూడదని ఆకాశం నిండా వాన గీశాను, అయినా కనబడ్డాయి అన్నాడు.

మా ఆయన చేతిలోని కవరు పెట్టె మీద పెట్టారు. మంచుకొండల సంచిక ఖాళీలో, ముందు నెల రైలు కథకు ఆనుకొని కుట్టి ఉండేదా అని మెల్లగా అడిగారు. అవునన్నాడు అంతయ్య. ఆయన ఆ పెట్టె మీదే కూర్చుండిపోయారు. దాని మీద పిల్లలు చెయ్యి పెడితే కసిరే మనిషి, బరువంతా వేసి కూర్చున్నారు. నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు.

"నేనే పారేసిన అంతయ్యా" అన్నారు. "నకలనుకొని పారేసిన."

పొట్లాల సంగతి కూడా దాచకుండా చెప్పారు. మా ఆయన మీద నాకు చాలా కోపాలున్నాయి కానీ, ఆ క్షణంలో దాచకుండా చెప్పినందుకు ఆయన మీద ప్రేమ పుట్టింది. అంతయ్య కాసేపు ఆ నాలుగు పెట్టెల వైపు చూశాడు. కోప్పడితే బాగుండుననిపించింది నాకు. కోప్పడలేదు. పోనియ్యుండ్రి సారు, అవ్వకు ఏదో ఒకటి చెప్త అని తువ్వాల దులుపుకొని లేచాడు. యుద్ధం నుంచి బయటపడి ఇంటికి వచ్చిన మనిషికి, పోయినవాటి లిస్టులో ఇదొకటి అయింది.

మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. మళ్ళీ గియ్యి, కాగితాలు తెప్పిస్తా, రంగులు తెప్పిస్తా అన్నారు. అంతయ్యకు మొదటిసారి గొంతు పెరిగింది.

"యాదికుంటే మీ ఇంటికెందుకు వస్తును సారు? అన్న మొఖం నాకు యాదికి లేదు."

కువైట్‌లో మొదట్లో గుర్తుండేదట. గోడలకు సున్నాలు వేస్తూ వేస్తూ ఎప్పుడు పోయిందో తెలియదట. ఎడ్లను అదిలించే గొంతు గుర్తుంది, నడక గుర్తుంది, ముఖం ఉండవలసినచోట ఏమీ లేదన్నాడు. నాకు మా నాయనమ్మ ముఖం గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. భయం వేసింది.

"నాకు యాదికున్నది" అన్నారు మా ఆయన.

సాంబయ్య ముఖం ఆయన ఎరగరు. ఊళ్ళో దొరల గడిలో పెరిగిన పిల్లవాడు, పార్సిలు తెచ్చే సాంబయ్య వైపు ఎప్పుడు సరిగ్గా చూశాడని? ఆయనకు గుర్తున్నది ఆ చివరి పేజీ. ఇన్నేండ్లుగా కనబడ్డవాడికల్లా వర్ణించి వర్ణించి గీతగీతకూ అరగదీసిన పేజీ. అదే ఇప్పుడు పనికొచ్చింది. అన్నాలు అలాగే ఉండగా ఇద్దరూ గచ్చు మీద కూర్చున్నారు. మా పెద్దవాడి డ్రాయింగ్ కాగితాలు, పెన్సిలు తెచ్చి ఇచ్చాను. మా ఆయన చెబుతుంటే అంతయ్య గీయడం మొదలుపెట్టాడు.

తొందరగా అయిన పని కాదు. వెడల్పాటి బ్రష్షుతో గోడలు గీకిన చెయ్యి, పెన్సిలును పారపిడి పట్టినట్టు పట్టుకుంటోంది. గీత వణుకుతుంది, చెరుపుతాడు, కాగితం చిరుగుతుంది, ఇంకొకటి తీసుకుంటాడు. మా ఆయన కళ్ళు మూసుకొని చెబుతారు. గదవ కొంచెం ముందుకు. కాదు, అంత కాదు. కనుబొమ్మలు కలవవు. ముక్కు దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చింది. గీసినవాణ్ణి నేను అంటాడు అంతయ్య, చూసినవాణ్ణి నేను అంటారు ఈయన. సర్కారు బళ్ళో ఒకే బెంచీ మీద ఇలాగే కొట్లాడుకొని ఉంటారు. నేను వాకిట్లో బియ్యం ఏరుతూ వింటున్నాను. నుదుటి మీద జుట్టు సుడి తిరిగి పైకి నిలబడుతుంది అన్నారు మా ఆయన. అంతయ్య పెన్సిలు ఆగింది. చాలాసేపు అలాగే కాగితం వైపు చూశాడు. చెయ్యి నొస్తోందేమో, చాయ పెట్టమంటావా అని అడిగాను. వద్దని, మళ్ళీ వంగి గీశాడు.

పొద్దు వాలే వేళకు మా ఆయన కళ్ళు తెరిచి చూసి, గదే, గిదే మొఖం అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. పదిహేనేండ్లుంటాయేమో ఆ ముఖానికి. తడిసిన జుట్టు, అలిసిపోయిన కళ్ళు, నోరు కొద్దిగా తెరుచుకొని ఉంది. ఇన్నాళ్ళు నేను ఎగతాళి చేసిన పిచ్చి దేనికోసమో అప్పుడు అర్థమైంది, అంతకుముందే ఎందుకు అడగలేదా అనుకున్నాను. మా ఆయన చెయ్యి అలవాటుగా ప్లాస్టిక్ కవరు కోసం వెళ్ళింది. నేను ఒక్క చూపు చూశాను. ఆ చెయ్యి వెనక్కి వచ్చింది.

మరునాడు పొద్దున్నే దుకాణం తాళం తీయకుండా ఆయన, నేను కూడా అంతయ్య వెంట ఊరికి వెళ్ళాం. బుచ్చవ్వ వాకిట్లో మంచం మీద కూర్చొని ఉంది. ముక్కు మీద లావుపాటి అద్దాలు, వాటిని జారిపోకుండా తలకు దారంతో కట్టారు. ఆ అద్దాలు అంతయ్య చేయించుకొచ్చాడని ఊరంతా చెప్పుకొని ఉంటుంది. వాకిలి అప్పుడే అలికి ఉంది. నన్ను చూసి దొర్సాని అన్నది, ఎంత వద్దన్నా వినలేదు. అంతయ్య కాగితం ఆమె చేతిలో పెట్టి, అన్న, అవ్వా అన్నాడు.

బుచ్చవ్వ కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. దూరం పెట్టింది. మళ్ళీ దగ్గరికి తెచ్చుకుంది. మా ఆయన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని, పరీక్ష రాసిన పిల్లవాడిలా చూస్తున్నారు.

"సాంబడు కాదు" అన్నది బుచ్చవ్వ.

మా ఆయన ఉండబట్టలేక ఏదో చెప్పబోయారు. పుస్తకంలో ఇలాగే ఉంది, నాకు బాగా గుర్తుంది, ఈ జుట్టు, ఈ ముక్కు అని. బుచ్చవ్వ వినలేదు. వేలితో కాగితం మీద నుదుటి దగ్గర తడిమింది.

"సాంబనికి సుడేడిది? గీ సుడి మా అంతనిది. ముందటొకటి, ఎన్కొకటి. రెండు సుడులున్నయి, రెండు పెండ్లిళ్ళయితయని వాడకట్టంత నవ్వుదురు."

అంతయ్య చెయ్యి తన బోడి నుదుటి మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. మా ఆయన అతని వైపు చూశారు, కాగితం వైపు చూశారు. నేనూ చూశాను. వెంట్రుకలు ఉన్నాయనుకుంటే, బుగ్గలు నిండుగా ఉన్నాయనుకుంటే, అతనే. రెండు రోజులుగా మా కళ్ళ ముందే తిరుగుతున్న ముఖం.

అంతయ్య నేల చూస్తూ చెప్పాడు. ఎవరికి చెబుతున్నాడో తెలియదు, తనకే చెప్పుకుంటున్నట్టుంది.

"అన్న మొఖం గీద్దామని కూసుంటే వాగుల నుంచి తీసినప్పటి మొఖమే వస్తుండె. ఎన్నిసార్లు గీసినా గదే. భయమైంది. అందుకే అద్దం ముంగట పెట్టుకొని గీసిన. అన్నను గీసిననే అనుకున్న ఇన్నొద్దులు."

కాగితం లాక్కుంటాడేమో, తల్లి కాళ్ళు పట్టుకుంటాడేమో అనుకున్నాను. ఏమీ చేయలేదు. ఉన్న ఒక్క పనీ కాకుండా పోయిన మనిషిలా నిలబడ్డాడు. మా ఇంటికి వచ్చింది, నిన్నంతా గచ్చు మీద వంగి కూర్చున్నది, అంతా ఇందుకే. సాంబయ్య ముఖం ఇక ఎక్కడా లేదు. మా ఆయన తల వంచుకున్నారు. వెళ్దామా అన్నట్టు నేను ఆయన భుజం తట్టాను.

బుచ్చవ్వ మాత్రం కాగితం కింద పెట్టలేదు. దాన్ని ఎండ వైపు తిప్పి పట్టుకొని చూస్తూనే ఉంది.

"వాడు పోయినంక నేను వాని కోసమే ఏడ్చుకుంట కూసున్న" అన్నది. "నువ్వు గింతగున్నప్పుడు నీ మొఖం చూసిన యాది లేదు కొడుకా. బువ్వ పెట్టిననో లేదో కూడ యాదికి లేదు. ఎన్క నువ్వు కువైట్ పోతివి. నాకు కండ్లు పాయె."

అంతయ్య చెయ్యి నుదుటి మీది నుంచి కిందికి దిగింది.

"గింత సక్కగుంటివారా నువ్వు" అన్నది బుచ్చవ్వ. "ఎవరు చెప్పకపాయిరి."

కాగితం ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో దగ్గరికి రమ్మన్నది. అంతయ్య మెడలోని తువ్వాల తీసి మంచం కోడు మీద వేశాడు. ఆమె కాళ్ళ ముందు నేల మీద కూర్చొని, ఎండ తన ముఖం మీద పడేటట్టు జరిగి, తల పైకెత్తాడు.